ఇరవై ఏళ్ల చెవి

ఆ ఆల్బం దొరికిన ఉదయం సంగీత విమర్శకుడికి కాలు ఒకచోట నిలవలేదు. పక్కగదిలో బట్టలు కుట్టుకుంటున్న భార్యను కేకేసి పిలిచి ఎదురుగా కూర్చోబెట్టాడు.

"ఇది హిప్ హాప్. కానీ ఇందులో జోలపాట ఉంది, జాజ్ ఉంది, శోకాలు కూడా ఉన్నాయి. వెనక ఏ కంపెనీ లేదు, పాడినవాడు పేరైనా వేసుకోలేదు. వినగానే పసిగట్టాను. ఇరవై ఏళ్ల చెవి మరి."

"గొంతు మరీ బొంగురుగా ఉందే," అంది ఆవిడ.

"కంప్యూటర్లో మార్చాడు. ఆ దరువు విను. ఏ దూరదేశపు డప్పో. చెప్పినా నీకు తెలీదులే."

పాట ఒక మొగుడి గురించి. వాడు లోకంలో అందరి గొంతులూ గుర్తుపడతాడు, ఇంట్లో మాట మాత్రం చెవిన పెట్టడు. విమర్శకుడు పడీపడీ నవ్వాడు.

"ఎవడోగానీ ఉత్త దద్దమ్మ."

"పాపం, మంచివాడే అయ్యుంటాడు," అంటూ ఆవిడ లేచి పనిలోకి వెళ్లింది.

ఆదివారం పత్రికలో ఆయన వ్యాసం అరపేజీ వచ్చింది. ఈ గొంతును కనిపెట్టింది నేనే అని అందులో మూడుచోట్ల రాసుకున్నాడు. చదువుకుని మురిసిపోయి, ఆల్బం మళ్లీ పెట్టుకున్నాడు. పక్కగదిలో కుట్టుమిషను టకటకలాడుతోంది.

"ఆ మిషను కాసేపు ఆపవే. నీ గోలలో దరువు వినబడి చావడం లేదు."

ఆవిడ మిషను ఆపింది. దాని పక్కనే పెట్టిన ఫోనులో రికార్డింగు కూడా ఆపింది. రెండో ఆల్బంలో మొదటి పాటకి దరువు కుదిరింది. ముగింపు ఎలాగా అని వారం రోజులుగా తల పట్టుకుని కూర్చుంది. ఆయన కేక అతికినట్టు సరిపోయింది.