మౌసు పట్టే వయసు

“కార్డు చూపియ్యి కాకా,” అంది రెజీనా, నెట్ సెంటర్ తలుపుకు అడ్డంగా కుర్చీ జరుపుకొని.

“నన్ను గుర్తుపడుతలేవా బిడ్డా? మీ నాయిన దావీదూ నేనూ ఒక్క షిఫ్టోళ్లం!”

“గుర్తుపడుతున్న. గందుకే అడుగుతున్న. ఈ రూలు పెట్టించింది నువ్వే గద!”

మొగిలి వెనక్కి తిరిగి పదిహేడేళ్ల కూతురు దీప వంక చూశాడు. దీప గోడ గడియారం వంక చూసింది. రేపు పొద్దున కరీంనగర్‌లో నర్సింగు ప్రవేశ పరీక్ష. హాల్‌టికెట్టు నెట్‌లోనే తియ్యాలి. ఐదు దాటితే రాదు. ఇప్పుడు నాలుగున్నర. కాలనీలో ఉన్న నెట్ సెంటర్ ఇదొక్కటే. వేరేచోటికి పోయే టైం లేదు.

రూలు సంగతి నెల కిందటిది. తొమ్మిదో తరగతి పిల్లలు ముగ్గురు ఈ సెంటర్లోనే పెద్దల సైటు తెరిచి దొరికిపోయారు. ‘నీకు పద్దెనిమిది నిండాయా?’ అని ఆ సైటు అడిగిందట. పిల్లలు ‘అవును’ మీద నొక్కారట. తనిఖీ అంటే అంతేనట! కాలనీ భగ్గుమంది. గోదావరిఖనిలో, అంత బొగ్గు మధ్య, భగ్గుమనడానికి ఎంతసేపు! మీటింగు పెట్టారు. అందరికంటే ముందు మైకు అందుకున్నది మొగిలే.

“బొగ్గుబాయిల దిగేటోని జేబులు తడిమి బీడీ కట్ట, అగ్గిపెట్టె గుంజుకుంటరు. ‘అగ్గిపెట్టె ఉన్నదా?’ అనడిగి, లేదనంగనే దించుతరా? మరి నెట్టుల దిగేటోన్ని గట్లెట్ల ఇడుస్తరు? మౌసు పట్టేటోడు ముందు వయసు చూపాలె!”

చప్పట్లు పడ్డాయి. చప్పట్లు పడితే మొగిలికి పూనకమే.

“మొఖం చూస్తే ఏం తెలుస్తది? మీసాలు మసితోని గూడ వస్తయి! ఓటరు కార్డులన్నీ తప్పులే. కంపెనీ కార్డు ఒక్కటే సత్తెం. మా దీపకు రెండేండ్లప్పుడు కొత్త కార్డులిచ్చిన్రు. ఆనాటిసంది నాది నా జేబు దాటలె! పద్దెనిమిది నిండని పిల్లలొస్తే, పెద్దమనిషి ఒకడు కంపెనీ కార్డు చూపి, పుట్టిన తేదీ రిజిస్టర్ల ఎక్కించి, పక్కన కూసోవాలె. కార్డు లేకుంటే నా అసొంటోన్ని గూడ రానియ్యొద్దు!”

తీర్మానం తలుపుకు అంటించారు. కింద మొదటి సంతకం మొగిలిది. ఇప్పుడు ఆ సంతకం ముందే నిలబడి ఆయన చెమటలు కక్కుతున్నాడు.

“చూపియ్యి బాపూ, జల్ది!” అంది దీప.

“ఇంట్ల మరిచిన.”

“జేబుల గదేంది?”

చొక్కా జేబులోంచి కార్డు తాడు వేలాడుతోంది. మొగిలి దాన్ని లోపలికి కుక్కి, గుండెనొప్పి వచ్చినవాడిలా పైన చెయ్యి పెట్టుకున్నాడు.

లోపలున్నవాళ్లు తలలు తిప్పారు. వాళ్లలో లింగమూర్తి ఒకడు. మొగిలితో ఒక్కనాడే బాయి దిగినవాడు, నిరుడు రిటైరయ్యాడు.

“ఏంది బావా, మన ఈడోళ్లందరం ఇంటికాడ కూసున్నం. డ్యూటీకి పోయేది నువ్వొక్కనివే. నీకాడ కార్డు లేకుంటే ఎవలకాడ ఉంటది?”

“అవు. నాకింకా శానా సర్వీసున్నది.”

“గట్లయితే చూపియ్యి!”

రెజీనా కళ్లు చిన్నవి చేసింది. “రిజిస్టర్ల పేరు పడొద్దనా కాకా? బిడ్డ పేరు చెప్పి, నువ్వు గవ్వి చూద్దామని వచ్చినవా ఏంది?”

సెంటర్లో నవ్వు పేలింది. దీప తల దించుకుంది. మొగిలి జేబు తడుముకున్నాడు. గడియారం చూశాడు. నాలుగూ నలభై అయిదు.

“అవు,” అన్నాడు నేల చూస్తూ. “గందుకే వచ్చిన. నేను బయటనే ఉంట. బావా, నీ కార్డు మీద పిల్లను కూసోబెట్టు. దాని పరీక్ష ఖరాబు కావొద్దు.”

నవ్వు ఠక్కున ఆగింది. లింగమూర్తి తెరిచిన నోరు మూయకుండానే తన పాత కార్డు తీసి రెజీనాకు చూపించాడు. ఐదుకు మూడు నిమిషాలుండగా హాల్‌టికెట్టు వచ్చింది.

హాల్‌టికెట్టు కంటే ముందే కబురు ఇల్లు చేరింది. ముప్పై ఏళ్ల బొగ్గులో అంటని మసి ఒక్క సాయంత్రంలో అంటింది. భార్య సారవ్వ గుమ్మంలోనే అందుకుంది.

“మైకుల నీతులు చెప్పితివి! అరవై ఏండ్లొచ్చినయి, సిగ్గన్న లేదా?”

“ఉన్నది. సిగ్గూ ఉన్నది, సర్వీసూ ఉన్నది.”

“కాలనీల పరువు పాయె గద!”

“పరువు పోతే పోనీ సారవ్వా, కొలువుండనీ.”

“కొలువు మాటెందుకొచ్చె నడుమ? గంతగనం దాసేటిది ఏమున్నది గా కార్డుల?”

మొగిలి జేబు మీద చెయ్యి వేసేలోపే సారవ్వ తాడు పట్టి లాగింది. కార్డు దీప చేతిలో పెట్టింది.

“అంత చదువు బిడ్డా. ఒక్క ముక్క ఇడువకు.”

పేరు చదివింది. తండ్రి పేరు చదివింది. పుట్టిన తేదీ దగ్గర ఆగింది. కార్డిచ్చిన తేదీ కూడా అదే. వేళ్లు మడిచి లెక్కపెట్టింది. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది.

“అమ్మా, బాపు నాకన్న రెండేండ్లు చిన్నోడు!”