నలుగుపిండి

శోభారాణి కాళ్లు చాపుకుని, వాటి మీద మూడు నెలల మనవరాలిని పడుకోబెట్టి నలుగుపిండితో గట్టిగా రుద్దుతోంది. పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. పసితనంలో బాగా నలుగు పెడితే ఆడపిల్లకు ఒంటి మీద, ముఖం మీద వెంట్రుకలు రావని ఆ ఇంట్లో నమ్మకం.

ఖమ్మం దవాఖానా నుంచి అప్పుడే వచ్చిన పెద్దకూతురు నవత, ఆ చేతుల వంక చూసి భగ్గుమంది. పెళ్లిళ్లలో కూడా గదుమను కొంగుతో కప్పుకుని కూర్చునే మనిషి.

“చెల్లెకు రుద్దినవ్, చెల్లె బిడ్డకు రుద్దుతున్నవ్. నాకు ఒక్కనాడన్న గిట్ల రుద్దితే గడ్డం మొలుస్తుండెనా?”

తల్లి తలెత్తలేదు. “అప్పుడు కూలికి పోకుంటే ఇల్లు గడవకపోతుండె బిడ్డా. తప్పు నాదే.”

చెల్లెలు హైమ నీళ్ల చెంబు కింద పెట్టింది. “డాక్టరమ్మ ఏమన్నదక్కా?”

“పీసీఓఎస్ అంట. హార్మోన్ల తేడాతోని గడ్డం మొలుస్తదంట. రక్తంలనే వస్తదంట. అక్కకుంటే చెల్లెకు గూడ రావచ్చు, చూపించుకోమన్నది. అయినా నీకేంది? అమ్మ చేతి పుణ్యాన నున్నగున్నవ్.”

హైమ అక్క చెయ్యి పట్టుకుని తన గదుమ కింద ఆనించుకుంది. నవత వేళ్లకు గరుకుగా తగిలింది.

“ఇంటర్ల ఉన్నప్పటి నుంచి రోజూ పొద్దుగాల బ్లేడుతోని గీక్కుంటున్న.”

“మరి చెప్పకపోతివేందే?”

“గంత రుద్దిన అమ్మకు ఏమని చెప్పాలె?”

శోభారాణి చేతులు ఆగిపోయాయి. మరుక్షణం ఇంకో పిడికెడు పిండి తీసి, మనవరాలి గదుమ మీద మరింత గట్టిగా రుద్దబోయింది.

నవత ఆమె పక్కన కూలబడి మణికట్టు పట్టుకుంది.

“సాలమ్మా. పిల్లకు మంట పుడుతది. నీళ్లు పొయ్యి.”