వాసన రాని మందు

“ఊగు! ఇంట్ల ఊగినట్టే ఈడ గూడ ఊగు. డాక్టరమ్మలకు తెల్వాలె గద!” సత్తమ్మ మొగుణ్ని మోచేత్తో పొడిచింది.

యాదగిరి బుద్ధిగా ఊగాడు.

మానుకోట జిల్లా దవాఖానలో మత్తు మాన్పించే వార్డు అది. గార్లలో రైలెక్కింది మొదలు సత్తమ్మ నోరు మూతపడలేదు. మనవరాలు పుట్టినంక ఈ ముసలోడికి ఇదేం పాడుబుద్ధి! చంకలో సీసా, కాళ్లలో తడబాటు. ఎండాకాలం నుంచీ ఇదే వరస. మొన్న కూతురు రేణుక పసిబిడ్డతో వచ్చి, రెండో రోజే మూట సర్దుకుంది. “తాగే చేతులకు నా బిడ్డనియ్య” అని మొహం మీదే అనేసింది. మనవరాలు మళ్లీ గడప తొక్కాలంటే ముసలోడు మానాలి. సత్తమ్మకు ఇప్పుడు లోకంలో ఇంకో చింత లేదు.

కౌన్సిలర్ కహ్కషాన్ కుర్చీ చూపించింది. “కూసో అవ్వా. ఏం తాగుతడు పెద్దాయన?”

“నన్నడుగు బిడ్డా, ఆయన జెప్పడు. ఇగో!” సత్తమ్మ సంచిలోంచి సగం ఖాళీ అయిన సీసా తీసి బల్ల మీద పెట్టింది. “ఇంగ్లీషు మందు. నేనైతే నాలికకు గూడ ముట్టియ్య. ఎంత ఖరీదుదో ఏమో, జరంత వాసన గూడ రాదు!”

కహ్కషాన్ మూత తీసి చూసింది. ఎందుకో దగ్గు వచ్చింది ఆమెకు.

“కింద పడతడా?”

“పడకేంది, దినాం పడతడు. గని దేవుడున్నడు, ఎన్నడు పడ్డా మంచం మీదనే పడతడు.”

“పొద్దుగాల చేతులు వణుకుతయా?”

“ఆయనకేం వణుకుడు? వణికేది నాకు. అంతా ఈయన పరేషానే.”

“నిద్ర?”

“గుర్రు పెట్టి పంటడు. కల్లు దుకాణం బందున్న దినం నాకే కన్ను మూతపడదు.”

“నువ్వు గూడ తాగుతవా అవ్వా?”

సత్తమ్మకు ఒళ్లు మండింది. “కల్లు తాగితె తాగుడైతదా? మా అవ్వ తాగింది, మా అత్త తాగింది. పొద్దీకి రెండు సీసలు పడకుంటె బువ్వెట్ల దిగుతది?”

యాదగిరి ఊగడం మరిచిపోయి కిటికీలోంచి చూస్తున్నాడు. సత్తమ్మ తొడ మీద గిల్లింది. మళ్లీ ఊగాడు.

“ఆ దుకాణం కల్లుల చెట్టు కల్లెంత, మత్తుమందెంత అవ్వా?”

“అయన్ని నాకెందుకు బిడ్డా? వైన్సులు పెట్టిచ్చేది సర్కారే, మాన్పిచ్చేది సర్కారే. దాని ముచ్చట నాకొద్దు. నా ముసలోణ్ని బాగు జెయ్, చాలు.”

“చేస్తం. గని ఒక్క షరతు. ఇంట్ల ఒకరు తాగుకుంట ఇంకొకర్ని మానుమంటె మానరు. ఈయన మానాలంటె నువ్వు గూడ మానాలె. ఈడనే ఉండి, మేమిచ్చే గోలీలు ఏసుకోవాలె.”

కల్లు లేని సాయంత్రం! తలచుకుంటేనే సత్తమ్మకు నాలుక పిడచకట్టింది. కుదరదు పొమ్మని లేవబోయి, మొగుడి వైపు చూసింది. కాపురానికొచ్చిన నాటి నుంచీ తనను పల్లెత్తు మాట అనని మనిషి. అతని వెనకే మనవరాలి బోసినవ్వు కళ్లలో మెదిలింది. సత్తమ్మకు ఏడుపు ఆగలేదు.

“మానుత బిడ్డా. ఈయన బతుకుడు కంటె నాకు కల్లెక్కువనా? మంచం సూపియ్.”

నర్సు ఆమెను లోపలికి తీసుకెళ్లింది. పోతూ పోతూ కూడా సత్తమ్మ వెనక్కి తిరిగి, “ఆయనను పట్టుకోండ్రమ్మా, పడతడు!” అని కేకేసింది.

తలుపు మూసుకుంది. కహ్కషాన్ సీసా చేతిలోకి తీసుకుంది.

“దీన్ని పారబోయాల్నా పెద్దాయనా?”

యాదగిరి తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు.

“పాలు లేని చాయ్ తాగి తాగి నాలిక సచ్చింది బిడ్డా, ఇగ మా సత్తమ్మను బాగు జెయ్.”