రేడియో బావకు రెండొందల కార్డులు

“మళ్లీ ఎగ్గొట్టాడయ్యా!” అంటూ సలాం రేడియో నెత్తిన ఒక్కటి చరిచాడు. దెబ్బకు లోపల గరగరమంది గానీ రూతు పేరు మాత్రం బయటికి రాలేదు.

ఆదివారం మధ్యాహ్నం మూడైంది. చిలకలపూడిలో సలాం టీ హోటలు బెంచీల మీదున్న వాళ్లంతా గుమ్మం పక్కన నిలబడ్డ రూతు వైపు చూశారు. రోల్డుగోల్డు గొలుసులకు మెరుగు పెట్టే పని ఆమెది. రెండేళ్ల కిందట కూతుర్ని వెంటబెట్టుకుని అవనిగడ్డ వైపు నుంచి వచ్చింది. ఆదివారం చర్చి అయ్యాక తిన్నగా ఇక్కడికొచ్చి, శ్రోతలు కోరిన పాటలు అయిపోయేదాకా నిలబడే ఉంటుంది.

ఆ పాటలు వేసే ఆయన అసలు పేరు ఎవరికీ తెలియదు. “మీ రేడియో బావని మాట్లాడుతున్నా” అంటాడు, అంతే. యాభై తొమ్మిదిలో బందరు నుంచి గుడివాడ దాకా ఆ గొంతుదే రాజ్యం. ఆయన నవ్విన రోజున గుడివాడ గేదెలు అరశేరు పాలు ఎక్కువిచ్చేవని బస్సు కండక్టరు బాలస్వామి ప్రమాణం చేసి చెప్పేవాడు. ఆయన తుమ్మితే సముద్రంలో ఉన్న పడవలు గాలి మారిందనుకుని ఒడ్డుకొచ్చేసేవట. ఇందులో సగం అబద్ధం. మిగతా సగం బాలస్వామి చెప్పింది.

రేడియో బావ నోట ఒకసారి పేరు వినబడితే వారం రోజులు ఊళ్లో కాలరెగరేసుకుని తిరగొచ్చు. సలాం పేరు మూడుసార్లు చదివాడు. బాలస్వామి పేరు ఐదుసార్లు. రూతు వారానికొక కార్డు చొప్పున ఏడాదిగా రాస్తోంది. ఒక్కసారీ చదవలేదు.

“అసలు ఆ కార్డులో ఏం రాస్తున్నావే?” అంది పక్కింటి దేవమ్మ.

“ఏ పాటేసినా ఫర్వాలేదని రాస్తున్నా పిన్నీ. చిలకలపూడి నుంచి రూతు, కూతురు సంతోషమ్మ, ఏడేళ్లు. ఇది చదివితే చాలు.”

“వయసెందుకే? పిల్లని బళ్లో వేయిస్తాడా ఆయన?”

అందరూ నవ్వారు. రూతు నవ్వలేదు.

“మొగుడు లేని మనిషివి. మొహం కూడా ఎరగని మగాడి గొంతు కోసం ఇలా కాసుక్కూర్చుంటే జనం ఏమనుకుంటారు?”

“అనుకోనీ పిన్నీ.”

సలాంకి జాలేసింది. “పోనీ అమ్మాయ్, పండక్కి తెచ్చే మైకు తెప్పించి నేనే చదువుతా. బందరు బందరంతా వినబడేట్టు!”

“నువ్వు కాదు మావయ్యా. ఆయనే చదవాలి.”

ఆ మాట అన్న తీరుకి సలాం చేతిలో గ్లాసు ఆగిపోయింది. తర్వాత ఆ గ్లాసు బల్ల మీద ఠంగుమని పెట్టాడు.

“అయితే చదివిస్తా! నా హోటల్లో నిలబడ్డ ఆడపిల్లని ఏడాదిపాటు లెక్కచెయ్యకపోతే నన్ను లెక్కచెయ్యనట్టే. బావా లేదు గీవా లేదు. ఈ వారం ఆయన పనిపట్టాల్సిందే.”

“ఎలా?” అన్నాడు బాలస్వామి.

“కార్డులతో కొడతాం.”

ఆ వారం చిలకలపూడిలో ఎవరు టీ తాగినా ఒక కార్డు రాసి కదలాలి. రాయడం రానివాళ్లకి సలాం రాసిపెట్టాడు. బాలస్వామి తన బస్సెక్కినవాళ్లని వదల్లేదు. నందివాడ రైతుల చేతా రాయించాడు, ఘంటసాల ఊరికెళ్లే పెళ్లివారి చేతా రాయించాడు. “కార్డు రాస్తేనే టిక్కెట్టు” అన్నాడట. రూతు పేరు చదవకపోతే నీ పాటలు మాకొద్దని కొందరు రాశారు. ఒకాయన గాడిద బొమ్మ గీసి కింద ‘బావ’ అని రాశాడు. మొత్తం రెండొందల కార్డులు లెక్క తేలాయి.

వాటిని సంచిలో పోస్తుంటే రూతు వచ్చింది.

“మావయ్యా, వీటిలో సగం ఆయనకి పంపొద్దు. రేడియో స్టేషన్లో ఆయన పైవాళ్లకి పంపు.”

“పైవాళ్లకా? ఉద్యోగం ఊడుతుందేమోనమ్మా!”

“ఊడదు. ఊడుతుందని భయపడితే చాలు. భయపడితే చదువుతాడు.”

సలాం బాలస్వామి వైపు చూశాడు. “బాబోయ్! మనం ఈ పిల్లతో పెట్టుకోకూడదురోయ్.”

మళ్లీ ఆదివారం హోటలు పట్టలేదు జనం. రోడ్డు మీద సైకిళ్లు ఆపుకుని నిలబడ్డారు. రెండింటికి బావ గొంతు వచ్చింది గానీ అందులో నవ్వు లేదు, ఛలోక్తి లేదు. మూడు పాటలయ్యాయి. నాలుగోదానికి ముందు కాగితం చప్పుడు వినబడింది.

“చిలకలపూడి నుంచి... రూతు.”

రోడ్డు మీదున్న వాళ్లు కూడా గుమ్మంలోకి తోసుకొచ్చారు.

“కూతురు... సంతోషమ్మ. ఏడేళ్లు.”

ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు. పాటా లేదు, మాటా లేదు.

“పాట ప్లేటు పెట్టడం మర్చిపోయాడ్రా!” అని అరిచాడు బాలస్వామి. జనం ఈలలు వేశారు. సలాం తలపాగా విప్పి గాల్లోకి విసిరాడు. “పొగరు దిగింది వెధవకి” అంది దేవమ్మ, తనే దింపినట్టు.

ఎప్పటికో పాట మొదలైంది. రూతు అది వినలేదు. బల్ల దగ్గరికొచ్చి, సంచీలోంచి కొత్త కార్డు తీసి రాయడం మొదలుపెట్టింది.

“ఇంకా దేనికమ్మా?” అన్నాడు సలాం. “రెండొందల మందిమి కలిసి కక్కించాంగా! పగ తీరిపోయింది.”

“సగమే తీరింది మావయ్యా. పూర్తిగా చదవలేదు.”

“నీ పేరు చదివాడు, పిల్ల పేరు చదివాడు, వయసు కూడా చదివాడు. ఇంకేం మిగిలింది?”

“పిల్ల పేరు ముందు ఇంటిపేరు రాశాను. అదొక్కటీ మింగేశాడు.”

“ఓసినీ! ఎవరిక్కావాలమ్మా ఆ ఇంటిపేరు?”

రూతు ఆ ఒక్క మాటనీ ఈసారి పెద్ద అక్షరాలతో రాసి, తలెత్తింది.

“అది ఆయన ఇంటిపేరే.”