ఆకుల బొమ్మల ఇంజిన్

"ఇంజిన్ ఆపవయ్యా బాబూ!"

బట్టతలాయన మళ్లీ వచ్చాడు. నలిగిన చొక్కా, అరిగిన చెప్పులు. వారం నుంచీ రోజూ ఇదే గోల.

డ్రైవర్ రైలింజిన్ కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ఎందుకండీ ఆపడం?"

"బండి కదిలేది మధ్యాహ్నం కదా, పొద్దున్నించీ ఈ పొగ దేనికి? పైన కరెంటు తీగ కూడా ఉందాయె!"

డ్రైవర్‌కి నవ్వొచ్చింది. రైళ్లని ప్రైవేటుకిచ్చాక, అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నట్టు కంపెనీలు అన్నీ పంచుకున్నాయి. తీగ ఒకరిది, పట్టాలు ఒకరివి, ఇంజిన్ ఇంకొకరిది. తీగవాళ్లతో బేరం కుదరక, ఆ తీగ కిందే డీజిల్ ఇంజిన్ తిరుగుతోంది. దాని ఒంటినిండా మాత్రం పచ్చటి ఆకుల బొమ్మలు.

"ఆపితే మళ్లీ స్టార్టవుతుందో లేదో! మొరాయించి లైనుకి అడ్డంగా నిలబడితే పట్టాలవాళ్లు ఊరుకోరు. నా ఉద్యోగం ఊడుతుంది. మీరిస్తారా ఉద్యోగం?"

"గోడవతల ఇళ్లలో పిల్లలున్నారయ్యా."

"మీ పిల్లలా?"

"అందరూ నాకు కావలసినవాళ్లే."

"అబ్బో, పెద్ద సంసారమే!"

పక్కనున్న వాచ్‌మన్ పగలబడి నవ్వాడు.

ఇంతలో ఫోన్ మోగింది. డ్రైవర్ భార్య. వాళ్లిల్లూ ఆ గోడవతలే.

"పాపకి మళ్లీ పిల్లికూతలండీ. డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్తా. ఆయన్ని మీరు ఒక్కసారీ చూడలేదు, ఈసారైనా వస్తారా?"

"చూద్దాంలే. నువ్వు ఐస్‌క్రీం పెట్టుంటావ్."

ఫోన్ పెట్టేసరికి బట్టతలాయన ఇంజిన్ మెట్లెక్కుతున్నాడు.

"పోనీ, నేనే ఆపుతా!"

డ్రైవర్‌కి ఒళ్లు మండింది. "చెప్తే వినవా? దిగు!" అంటూ భుజం పట్టి తోసేశాడు.

ఆయన కంకర మీద వెల్లకిలా పడ్డాడు. ఒక చెప్పు ఊడి ఇంజిన్ కిందికి పోయింది. కాసేపు కదల్లేదు. డ్రైవర్ మెట్ల మీంచి వంగి చూశాడు.

ఆయన మెల్లగా లేచాడు. తల వెనక తడుముకుని, ఒంటి చెప్పుతోనే వెళ్లిపోయాడు.

"హమ్మయ్య, పీడా విరగడైంది" అన్నాడు వాచ్‌మన్.

గంట తిరక్కుండానే భార్య మళ్లీ ఫోన్ చేసింది. ఈసారి ఏడుస్తోంది.

"పాప పెదాలు నీలంగా అయిపోతున్నాయండీ!"

డ్రైవర్ ఒక్క అంగలో కిందికి దూకాడు. ఇంజిన్ అలా తిరుగుతూనే ఉంది. పాపని భుజాన వేసుకుని, భార్య దారి చూపిస్తుంటే పిల్లల డాక్టరు క్లినిక్‌కి పరుగెత్తాడు.

గుమ్మంలో నర్సు కళ్లు తుడుచుకుంటోంది. పాపని చూడగానే లోపలికి లాక్కెళ్లి మందు మాస్కు పెట్టింది. పిల్లకి ఊపిరి కొంచెం కొంచెంగా అందింది.

"డాక్టరు గారేరమ్మా?" అడిగింది భార్య.

నర్సు భోరుమంది.

"లేరమ్మా. తలకి దెబ్బతో వచ్చారు. ఆసుపత్రికి వెళ్దామంటే, ఏం కాలేదన్నారు. మీ పాపలాంటి వాళ్లు బయట బారులు తీరి ఉన్నారన్నారు. పిల్లల్ని చూస్తూ చూస్తూనే కుర్చీలో ఒరిగిపోయారు. అంబులెన్సు వచ్చేలోగానే ప్రాణం పోయింది."

డ్రైవర్ ఆ ఖాళీ కుర్చీ వైపు చూశాడు.

కుర్చీ కింద, అరిగిపోయిన చెప్పు ఒక్కటే ఉంది.