పూతరేకుల ప్రాక్టికల్

"అన్నం గిన్నె మీద ఆ తొడుగు పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాలే?" అని మౌనిక కూతురి మీద విరుచుకుపడింది.

"ఎక్కడ పెట్టినా నీకు తప్పేగా!" అంటూ పదహారేళ్ళ తన్వి తన చేతి తొడుగు తీసుకుంది.

పొద్దున క్లాసు, మధ్యాహ్నం పని. ఇప్పుడు పిల్లలందరి చదువూ అదే. పని నేర్చుకునేటప్పుడు ఆ తొడుగు వేసుకోవాలి. ఆ తొడుగు ద్వారా పిల్లల చేతి కదలికలు చూసి యంత్రమూ ఆ పని నేర్చుకుంటుంది. దానికి పని వచ్చిన రోజే పిల్లలకి సర్టిఫికెట్ ఇస్తారు. వెల్డింగు అలాగే యంత్రాల చేతికి పోయింది, కుట్టుపనీ పోయింది. ఆ వీధి ఆడవాళ్ళకి మిగిలింది కుండ మీద పూతరేకులు తియ్యడం ఒక్కటే. అది నేర్పమని తన్వి నెల్లాళ్ళుగా అడుగుతోంది, మౌనిక మాట దాటేస్తోంది.

కంచాల ముందు తన్వి మెల్లగా అంది. "ఎల్లుండే ఆఖరమ్మా. సర్టిఫికెట్ లేకపోతే యంత్రం పక్కన కాపలాకి కూడా తీసుకోరు."

మౌనిక భర్త ఒకప్పుడు వెల్డింగు చేసేవాడు. అతనికి ఆ కాపలా కూడా దొరకలేదు.

"రేపు నా కుండ దగ్గర నువ్వు కూర్చో," అంది మౌనిక ముద్ద కలుపుతూ. "రేకు చిరక్కుండా తియ్యడం నేర్పిస్తాను."

"మరి వీధిలోవాళ్ళ పనో?" అన్నాడు భర్త.

"అడిగితే నేనే నేర్పానని చెప్పండి. ముందు తినండి."