కుర్చీకి చోటు

తూకం యంత్రం మీద కుర్చీ కుదురుగా నిలబడలేదు.

ఊగే కుర్చీ మరి. ముందుకు వంగితే ఒక అంకె, వెనక్కి వాలితే ఇంకో అంకె.

"గట్టిగా పట్టుకోండి సార్," అంది కార్గో ఆఫీసు కౌంటర్‌లోని అమ్మాయి.

ఆడిటర్ గట్టిగా పట్టుకున్నాడు. ఆయన బరువు కూడా కలిసి అంకె ఎగబాకింది.

"ముందు వదలండి బాబూ, రేటు పెరిగిపోతోంది!" అంది భార్య.

దేశం కాని దేశంలో కౌంటర్ వెనక మన భాష మాట్లాడే పిల్ల దొరకడం వాళ్ల అదృష్టం. దురదృష్టమల్లా ఆ పిల్ల చెప్పిన రేటు.

"విమానంలో పంపే ఖర్చుకి ఇలాంటి కుర్చీలు ఇంకో నాలుగు కొనుక్కోవచ్చు సార్."

"పోస్టులో?"

"ఇంత పెద్దది ముట్టుకోరు."

"ఓడలో?"

"అదే చౌక. ఎవరి కంటైనర్‌లోనైనా కాస్త చోటు పంచుకోవాలి. మీరున్న రోజుల్లో బయల్దేరేవన్నీ నిండిపోయాయి."

ఆడిటర్ నిట్టూర్చాడు. పెళ్లయిన కొత్తలో భార్య నోరు తెరిచి అడిగిన ఒకే ఒక్క వస్తువు ఊగే కుర్చీ. అద్దె ఇంట్లో ఇరుకన్నాడు. సొంతిల్లు కట్టాక గచ్చు మీద గీతలు పడతాయన్నాడు. చివరికి ఈ విహారయాత్రలో, ఆయన కాఫీకి వెళ్లిన సమయం చూసి, ఆవిడే కొనేసింది.

"మన భాష చెవిన పడి వచ్చానమ్మా," అన్నారెవరో.

బెంచీ మీంచి లేచి వచ్చిన ముసలాయన. వెలిసిన చొక్కా, నిండైన నవ్వు.

"మీరు చెప్పిన రేవుకే నా కంటైనర్ వెళ్తోంది. బోలెడు చోటుంది. కుర్చీ అందులో వేసేద్దాం."

"ఎంత తీసుకుంటారు?" అన్నాడు ఆడిటర్.

"ఊరికే."

ఆడిటర్ ఒక అడుగు వెనక్కి వేశాడు. ఉద్యోగంలో ఎన్నో దొంగ లెక్కలు చూసినవాడాయన. దేనికీ బెదరలేదు. ఈ 'ఊరికే' అన్న మాటకే బెదురుతాడు.

"ఊరికే ఎందుకండీ?"

"ఖాళీగా పోతోంది కదా బాబూ."

"మీకేంటి లాభం?"

ముసలాయన బుర్ర గోక్కున్నాడు. ఆ సంగతి ఆలోచించుకున్నట్టు లేదు.

"ఓడ చేరాక మీరే మా ఇంటికొచ్చి తీసుకెళ్లాలి. వచ్చినవాళ్లు భోంచేయకుండా కదలకూడదు. అంతే."

"విన్నావా?" ఆడిటర్ భార్య చెవిలో గుసగుసలాడాడు. "షరతులు మొదలయ్యాయి."

"భోజనం పెట్టడం కూడా షరతేనా?"

"కుర్చీలో ఏదో దాచి మన పేరు మీద దాటిస్తాడే పిచ్చిదానా!"

"మన సామాను ఆయన పెట్టెలో వేస్తే భయపడాల్సింది ఆయన కదండీ?"

"నా అనుమానమూ అదే! మరి ఆయనెందుకు భయపడట్లేదు?"

భార్య నుదురు కొట్టుకుంది.

ఆడిటర్ గొంతు సవరించుకున్నాడు. "మాకేమీ పంపేది లేదండీ."

"మరి ఈ కుర్చీ?"

"ఇదా... ఇక్కడ కూర్చోడానికి తెచ్చుకున్నాం."

మాట నిలబెట్టుకోవడానికి భార్యని కూర్చోమని సైగ చేశాడు. ఆవిడ కూర్చుంది. తూకం యంత్రం కుయ్యోమంది.

ముసలాయన నవ్వి, పక్క వరుసలోకి నడిచాడు. అక్కడ కుట్టు మిషను పంపడానికి వచ్చిన ఒకావిడని అడిగాడు. ఆవిడ మిషనుని ఒళ్లోకి లాక్కుంది. ఉయ్యాల తొట్టి మోసుకొచ్చిన కుర్రజంటని అడిగాడు. వాళ్లు తొట్టితో సహా గుమ్మం దాటారు.

"చూశావా, అందరికీ తెలిసిపోయింది," అన్నాడు ఆడిటర్ విజయగర్వంతో.

ఆ సాయంత్రం హోటల్ గదిలో కుర్చీని విడదీసి పెట్టెలో పెట్టాలని ఆయన పూనుకున్నాడు. స్క్రూల కోసం వెతికాడు. ఒక్కటీ లేదు. కర్రలో కర్ర బిగించి చేసిన పనితనం అది. లాగితే ఆయన నడుం పట్టేసింది కాని కుర్చీ చెక్కుచెదరలేదు.

చేసేది లేక దాన్ని హోటల్ యజమానురాలికి ఇచ్చేశారు. ఆవిడ వరండాలో వేయించుకుని, వాళ్ల కళ్లెదుటే కూర్చుని, హాయిగా ఊగింది.

అప్పట్నుంచి భార్య మాటలు ఆపేసింది. ఏదైనా చెప్పాల్సి వస్తే గోడతో చెప్పింది.

"గోడా, ఇక్కడ కొన్న నా పింగాణీ జాడీలైనా ఇంటికి చేరతాయా?"

చేరుస్తానని ఆడిటర్ గోడకే మాటిచ్చాడు.

మర్నాడు జాడీలు పట్టుకుని మళ్లీ కార్గో ఆఫీసుకి వెళ్లారు. చిన్న పార్శిల్ కనక ఓడ టపాలో చౌకగానే పోతుందంది కౌంటర్ అమ్మాయి. జాడీలకు గడ్డి చుడుతూ అడిగింది.

"కుర్చీ పెద్దాయనకి ఇచ్చేశారా?"

"ఆ మోసగాడికా? భలేవారే! మీరైనా పోలీసులకి చెప్పాల్సింది."

అమ్మాయి చేతిలో గడ్డి ఆగిపోయింది.

"మోసగాడెవరు సార్?"

"ఊరికే పట్టుకెళ్తానన్నాడు కదా!"

"అన్నారు. అందర్నీ అడిగారు. ఎవరూ ఏమీ ఇవ్వలేదు. పొద్దున్నే ఓడ వెళ్లిపోయింది."

"మరి ఆయన సామాను?" భార్య అడిగింది.

"పరుపు చుట్ట, ట్రంకు పెట్టె. పెళ్లీ పిల్లలూ అనుకునే తీరిక ఆయనకెప్పుడు దొరికింది ఆంటీ?"

"ఆ కాస్తకి అంత కంటైనరా?"

అమ్మాయి కిటికీలోంచి రేవు వైపు చూసింది. అక్కడ ఎత్తయిన క్రేన్ ఒకటి కదలకుండా నిలబడి ఉంది.

"వయసంతా ఆ క్రేన్ మీద కూర్చుని మనలాంటి వాళ్ల సామాన్లన్నీ ఓడలకెక్కించింది ఆయనే, రిటైరయ్యాక సామాను ఇంటికి పట్టుకెళ్లమని కంపెనీ వాళ్లు కంటైనర్ బహుమతిగా ఇస్తే, ఇవాళ పొద్దున చివరిసారి క్రేనెక్కి, ఆ ఖాళీ డబ్బాని గాజు సామానంత జాగ్రత్తగా ఓడలో దించుకుని వెళ్లారు."